ఆగమని పేరు పెడితే

స్తమాతియా పుట్టేనాటికి ఆ ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలున్నారు. గ్రీకులో ఆ పేరుకు 'ఆగు' అని అర్థం. అది ఆ పిల్లను చూసి పెట్టిన పేరు కాదు, తర్వాత రాబోయే ఆడపిల్లలను ఉద్దేశించి పెట్టినది. వాళ్ళు వినలేదు. రెండేళ్ళకు కవలలు పుట్టారు, ఇద్దరూ ఆడపిల్లలే. ఒప్పుకున్న పని ఎగ్గొట్టిన కూలిమనిషిని చూసినట్టు చూశాడు తండ్రి, స్తమాతియాను.

హియోస్ దీవిలో, చెట్లకు గాట్లు పెట్టి మస్తీహ జిగురు తీసే ఊరు వాళ్ళది. ఆ పేరున్న ఆడవాళ్ళు మొండిఘటాలని అక్కడ గట్టి నమ్మకం. స్తమాతియా నెమ్మదస్తురాలు. వాదించడం ఇష్టంలేక ఊరుకునేది. చూశారా ఎంత మొండిదో అనేవారు. ఎవరి పిల్లలకు వెక్కిళ్ళు వచ్చినా ఆమె దగ్గరికే తీసుకొచ్చేవారు. ఆమె మంచినీళ్ళిచ్చేది. వెక్కిళ్ళు వాటంతట అవే తగ్గేవి, పేరు మాత్రం ఆమెకొచ్చేది.

ఏళ్ళు గడిచాక స్తమాతియా కొడుకు ఇసిదోరోస్‌కు తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. ఆనవాయితీ ప్రకారం నాన్నమ్మ పేరు పెట్టాలి. పేరు పెట్టే బాప్తిస్మం సంగతి ఎవరెత్తినా కోడలు లెమొన్యా మాట దాటేయసాగింది. చివరికి ఒకరోజు, అత్త పళ్ళెంలో జిగురుకు అంటిన మట్టిని కత్తిమొనతో గీకుతుంటే, ఎదురుగా వచ్చి కూర్చుంది.

"మీ మీద కోపం కాదత్తయ్యా. నాకింకా పిల్లలు కావాలి. ఆ పేరు పెట్టుకుంటే ఇంకెవరొస్తారు?"

"నా వెనకాల ఇద్దరొచ్చారు కదే. దానికంత సత్తా ఎక్కడేడిచింది?" అంది స్తమాతియా, కత్తి ఆపకుండా.

జిగురు ముక్కను రెండో వైపుకు తిప్పి, మళ్ళీ తనే అంది. "అయినా వద్దులే. అన్నానికి పిలిచినా, నిద్ర లేపినా, ఇక చాలు అన్నట్టే వినపడేది నాకు. పుట్టీపుట్టగానే పిల్లకా మాటెందుకు?"

లెమొన్యా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, మరి మీకే పేరిష్టం అని అడిగింది. స్తమాతియాను ఆ మాట ఎవరూ అడిగి ఎరగరు. పళ్ళెం పక్కన పెట్టి, చాలాసేపు ఆలోచించింది.

గుళ్ళో ఫాదరు నీళ్ళ తొట్టి ముందు పేరేమిటని అడిగితే, పిల్లను ఎత్తుకున్న బాప్తిస్మపు తల్లి "అంథి" అంది. అంటే పువ్వు. గుడి నిండా గుసగుసలు. బయటికి రాగానే పొరుగింటి అర్గీరో స్తమాతియా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు బతికుండగానే నీ పేరు కాదన్నారే వదినా. ఎట్టా ఊరుకున్నావు?"

"ఆ పేరు పెట్టింది నేనే" అంటూ ఆమె చేతిలో బాప్తిస్మానికి పంచే చక్కెర పూత బాదంపప్పులు పోసింది స్తమాతియా.

అర్గీరో నమ్మలేదు. పరువు కాపాడుకోడానికి అలా చెబుతోందని ఊరంతా చాటింది. స్తమాతియా ఆ మాటకూ ఊరుకుంది. కానీ ఆ ఏడాదంతా, పిల్ల ఒళ్ళోనే ఉన్నా సరే, వీధి చివరిదాకా వినపడేట్టు పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.