అవుట్ పంచ్

మా రొయ్యల ఫ్యాక్టరీ తలుపులకు కొత్త హాజరు మిషన్లు పెట్టించే పని నా మీద పడ్డప్పుడు, నేను మొదట చేసింది తలుపులు లెక్కపెట్టడం. నాలుగు తేలాయి. మెయిన్ తలుపు, లారీలకు సరుకెక్కించే తలుపు, కంప్రెసర్ గది తలుపు, రొయ్యలొలిచే పీలింగ్ హాలు వెనక గోడకున్న అత్యవసర తలుపు. ఆ నాలుగోది తెరిచి ఉండగా పదకొండేళ్ళలో నేను ఒక్కసారీ చూడలేదు. దానికి గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. తాళంచెవి నా సొరుగులోనే ఉంది.

ఫ్యాక్టరీ దువ్వాడ దాటాక వస్తుంది. నాది టైమ్ ఆఫీసు: ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్ళారు అన్నది చూడటం. ఉదయం షిఫ్టులో నూట పద్దెనిమిది మంది ఆడవాళ్ళు రొయ్యలు ఒలుస్తారు. కొందరు జాలరిపేట నుంచి ఆటోల్లో, తక్కినవాళ్ళు ఆనందపురం చుట్టుపక్కల పల్లెల నుంచి వ్యానుల్లో వస్తారు. వాళ్ళు నిలబడే హాలుకూ కంప్రెసర్ గదికీ మధ్య ఒక్కటే గోడ. మాకు చల్లదనమంతా అమ్మోనియా గ్యాసుతోనే. కొన్ని రోజులు అది కాస్త బయటికొచ్చి గొంతులో సన్నగా గరగరమంటుంది. అలాంటి రోజు హాల్లో ఎవరైనా దగ్గితే అందరి చేతులూ ఒక్క క్షణం ఆగుతాయి. తర్వాత మళ్ళీ ఒలుపు మొదలవుతుంది.

మిషన్లు అమ్మే కంపెనీ తరఫున వచ్చినాయన మూడు రకాలు చూపించాడు. వేలిముద్ర మిషను పది మందిలో నలుగురినే గుర్తుపట్టింది. మంచులోనూ రొయ్య పెంకుల్లోనూ నానిన వేళ్ళ మీద గీతలేముంటాయి? ముఖం చూసే మిషను ముందు టోపీ, మాస్కు విప్పి మళ్ళీ కట్టుకోవాలి. ఇక కార్డు మిగిలింది. అత్యవసర తలుపుకు మాత్రం, సైరన్ మోగినా కరెంటు పోయినా దానంతటదే వదిలేసే అయస్కాంతం తాళం కావాలని పట్టుబట్టాను.

మా యజమానిది మా పక్క ఊరే. నన్ను బావా అంటాడు, నేను మాత్రం సార్ అనే అంటాను.

"కరెంటు పోయినప్పుడల్లా తలుపు తెరుసుకుంటే, రొయ్యలెవడైనా ఎత్తుకుపోతే ఏటి సేత్తావు బావా? నీ జీతంలో కోసీమంటావా?" అన్నాడు.

"కోసేయండి సార్."

నవ్వి ఒప్పుకున్నాడు.

కంపెనీవాళ్ళు రెండు వారాల పాటు వాడి చూడమని మిషన్లు బిగించి వెళ్ళారు. మొదటి వారం ఒకరోజు పదకొండు గంటలకు, ముందుగా ఎవరికీ చెప్పకుండా సైరన్ మోగించాం. నేను స్టాప్‌వాచీతో అత్యవసర తలుపు అవతల నిలబడ్డాను. తాళం టక్కుమని వదిలేసింది. తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను. ఇద్దరిద్దరు చొప్పున నడిచినా నిమిషంలో హాలు ఖాళీ కావాలన్నది నా లెక్క. నిమిషం గడిచింది. ఒక్కరూ రాలేదు.

లోపలికెళ్ళి చూస్తే టేబుళ్ళ దగ్గర ఎవరూ లేరు. అందరూ అటువైపు బట్టలు మార్చుకునే గదిలో ఉన్నారు. అరల్లోంచి ఎవరి కార్డు వాళ్ళు తీసుకుని, మెయిన్ తలుపు దగ్గరి మిషను ముందు వరసగా నిలబడ్డారు. చెవులు చిల్లులు పడేలా సైరన్ మోగుతూనే ఉంది. మెయిన్ తలుపూ తెరిచే ఉంది, అయినా కార్డు చూపించి, మిషను కూసాకే ఒక్కొక్కరూ బయటికి అడుగేస్తున్నారు.

"ఓలే గుంటా, నెట్టకు! నీకొక్కదానికేనా పేనం?" అని ఎవరో అరిస్తే అందరూ గొల్లున నవ్వారు. వాళ్ళ మేస్త్రీ యాభై దాటిన మనిషి. వరస చెదరకుండా చేతులు చాపి కాపలా కాస్తోంది.

"ఇదేంటమ్మా? వెనక తలుపు తెరిచే ఉంది కదా?" అని ఆమెను అడిగాను.

"తెరిస్తే? పంచ్ కొట్టకండా ఎల్లిపోతే సగం పూటే అని గోడ మీద రాసినోడివి నువ్వే గదా బాబూ!"

రాసింది నేనే. రెండేళ్ళ క్రితం కొందరు ముందుగా వెళ్ళిపోతుంటే, బయటికెళ్ళేటప్పుడు కొట్టే అవుట్ పంచ్ లేకపోతే సగం పూట జీతమే అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, నా చేత్తోనే అంటించాను. మంచి ఏర్పాటని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు.

మనిషికి నాలుగు సెకన్లు. నూట పద్దెనిమిది మందికి ఏడు నిమిషాల యాభై రెండు సెకన్లు. ఆ లెక్క కంప్రెసర్ గది ఆపరేటరుకు చూపించాను. ఆయన కాగితం వైపు చూడనైనా లేదు.

"నిమిసాలు లెక్కెట్టకు. ఊపిర్లు లెక్కెట్టు" అన్నాడు.

ఆ సాయంత్రమే గోడ మీది కాగితం చింపేశాను. ప్రమాదం వస్తే పంచ్ అక్కర్లేదని మూడు రోజులు వరసగా హాల్లో నిలబడి చెప్పాను. అందరూ తలలూపారు. యజమానికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"కాగితం సింపీసినావు సరే. ఆళ్ళ బుర్రల్లోది సింపగలవా? పైగా ఎంతమంది లోపలుండిపోనారో తెలకపోతే, ఫైరింజనోడొచ్చి ఎవుల్ని ఎతుకుతాడు బావా?"

చివరికి ఒక ఉపాయం ఆలోచించాం. అవుట్ పంచ్ మిషన్ని లోపలినుంచి తీసేసి, రోడ్డువైపు గేటు పక్కన, గాలి ఆడే చోట పెట్టాలి. కార్డు అరలో కాకుండా ఎవరి కోటు జేబులో వాళ్ళ దగ్గరే ఉండాలి. పంచ్ కొట్టాలంటే ముందు బయటపడాలి కదా.

యజమాని, మిషన్లు అమ్మేటాయన గేటు దగ్గర చూస్తుండగా రెండోసారి సైరన్ మోగించినప్పుడు అత్యవసర తలుపులోంచి అందరూ పరుగున వచ్చారు. హాలు ఖాళీ కావడానికి నిమిషం పది సెకన్లు. గేటు దగ్గర మిషను కూస్తూ ఉంటే తెర మీద అంకె పెరుగుతూ పోయింది. నూట పదిహేడు దగ్గర ఆగిపోయింది.

అమ్మేటాయన తెర మీద వేలితో కొట్టాడు. అంకె కదల్లేదు. మేస్త్రీ తనవాళ్ళను పేరుపేరునా పిలవసాగింది. నేను తలుపు వైపు చూశాను. లోపల లైట్లు వెలుగుతున్నాయి, నేలంతా తడి, ఎవరూ లేరు. ఇది ఉత్తుత్తి సైరనే అని నాకు తెలుసు. అయినా అటువైపు రెండడుగులు వేశాను.

కాసేపటికి ఆ తలుపులోంచే ఒకామె బయటికొచ్చింది. చేతిలో కార్డు ఉంది. నవ్వుకుంటూ వచ్చి మిషనుకు చూపించింది. నూట పద్దెనిమిది. యజమాని చప్పట్లు కొట్టాడు.

"ఎక్కడ ఉండిపోయావమ్మా?" అన్నాను.

"ఉండిపోనేదు బాబూ. అందరికన్నా ముందొచ్చీసినాను. టీ అయ్యాక కోటు మార్సినాను గదా, కార్డు పాత కోటులో ఉండిపోనాది. ఎనక్కెల్లి తెచ్చుకున్నాను."

"పంచ్ అక్కర్లేదని చెప్పానా లేదా? నిజంగా గ్యాసే అయితే?"

"నిజంగా అయితే వాసనొచ్చీది గదా!" అంది. మేస్త్రీ కూడా నవ్వింది.

అవుట్ పంచ్ అసలే వద్దని, మేస్త్రీలు తలలు లెక్కపెట్టి చెబితే చాలని ఆరోజే యజమానితో అన్నాను.

"నూట పద్దెనిమిదికి నూట పద్దెనిమిది వొచ్చీసినారు గదా బావా. ఇంకేటి?" అన్నాడు. మిషను చెప్పిందీ అదే. ఆమె బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళి, అక్కడున్నంతసేపూ దానికి తెలిసింది ఒక్కటే: ఒకరు తక్కువ. ఆ ఒక్కరూ ఎందుకు తక్కువయ్యారో దానికి తెలియదు. మిషన్లు కొనే ఆర్డరు కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఆయనే పెట్టాడు.

మిషను ఇప్పుడు గేటు పక్కనే ఉంది. పొద్దున్నే వాళ్ళు హాల్లోకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి రోజూ అడుగుతాను.

"సైరన్ మోగితే, కార్డు దగ్గర లేకపోతే, ఏం చేస్తారు?"

"ఒగ్గీసి పరిగెడతాం బాబూ!" అంటారు అందరూ ఒక్క గొంతుతో.

ఆ మాట అంటూ అంటూనే, ఒక్కొక్కరి చెయ్యీ కోటు జేబు మీదికి వెళ్ళి, కార్డు ఉందో లేదో తడిమి చూసుకుంటుంది.