ముఖం దాకా రాని నవ్వు

మా మిరప చేనుకు పోయే దారి అడవి అంచు వెంటే ఉంటుంది. ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు ఉండదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆ దారిలో మా అత్తమ్మ ముందు, నేను వెనక. అందుకే ఆమె ముఖం కంటే ఆమె వీపే నాకు ఎక్కువ తెలుసు. కోపంగా ఉంటే మెడ కొద్దిగా ఎడమకు వంచి నడిచేది. మనసు బాగున్న రోజు కుడి చెయ్యి ధారాళంగా ఊగేది, గాజులు గలగలమనేవి. పుట్టింటికి పోయొస్తానని అడగాలంటే నేను ఆ గాజుల చప్పుడు కోసం కాచుకునేదాన్ని.

మనుషుల్ని ఇలా చూడటం మా నాయనమ్మ నేర్పింది. బడి వాగు అవతల ఉండేది కనుక నా చదువంతా ఇంట్లోనే సాగింది. బియ్యప్పిండిలో నాచేత అక్షరాలు దిద్దిస్తూనే, వాకిట్లోకి వచ్చినవాళ్ళను కంటితో చూపించేది.

"ఆయన నీళ్ళడుగుతాండు గని, కండ్లు పొయ్యి దిక్కు పోతున్నయ్ సూడు. పోయి బువ్వ వెట్టు."

ఇంకొకరు వస్తే, "అగో, కొంగు వేలికి చుట్టుకుంటాంది. ఏదో అడగనీకె వచ్చింది, అడగలేక పోతది. నువ్వే అడుగు" అనేది.

ఆ చదువు నాకు అన్నం పెట్టలేదు గానీ, అన్నం ఎవరికి పెట్టాలో చెప్పింది. పొద్దున దీపం వెలిగించేటప్పుడు స్వామి తర్వాత ఆమెనే తలచుకుంటాను.

ఆ యేడు మిరప కోతలప్పుడు దారిలో గాజుల చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ ఎడమ చెయ్యి ఎప్పటిలాగే ఊగుతోంది. కుడి చెయ్యి మాత్రం బరువేదో మోస్తున్నట్టు పక్కకు అంటుకుని ఉంది. చేనులో చూస్తే కాయలు ఎడమ చేత్తో తెంపుతోంది.

"చెయ్యి నొస్తాందా అత్తమ్మా?"

"నొప్పేం లేదు బిడ్డా. జర మొద్దుగుంది. ఎండకేమో."

ఎండ తగ్గినా మొద్దు పోలేదు. కొన్నాళ్ళకు ఇంకొకటి గమనించాను. ఆమె నవ్వడం లేదు. అంతకు ముందు ఆమె నవ్వితే చేను అవతలి గట్టు మీదికి వినిపించేది. ఇప్పుడు మాట నవ్వుదే అయినా ముఖం కదిలేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు నాతో అననే అన్నారు: "మీ అత్తకు ఏంది గంత గీర? పలకరిస్తే గోడ సూసినట్టు సూస్తది." మా మామయ్య దాన్ని వేళాకోళం చేశాడు: "నన్ను సూసి పెండ్లినాడు కూడ నవ్వలే. గిప్పుడు మీకు కొత్తగ కనపడ్డదా?"

అందరం నవ్వాం. అత్తమ్మ తప్ప.

ఆమెకు పుట్టింటి వైపు మిగిలింది ఒక్క తమ్ముడే. తల్లాడ దగ్గర పల్లెలో వ్యవసాయం. వరసకు నాకు చిన్నాయన, ఆయన భార్య చిన్నమ్మ. వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయికి బయటి సంబంధం కుదిరింది. మా వైపు ఇళ్ళలో తమ్ముడి కూతురిని తన కొడుక్కి అడిగే హక్కు ముందు అక్కదే. కొత్తగూడెంలో ఉద్యోగం చేసే మా మరిదికి ఇంకా పెళ్ళి కాలేదు. అయినా అత్తమ్మ అడగలేదు. "దగ్గరోళ్ళల్ల చేసుకుంటే పుట్టే పిల్లలకు మంచిది కాదంటాండ్రు. బయటికి ఇచ్చుడే మంచిది" అని నాతో చేనులో అన్నది. ఆ మాట నాకు తెలుసు. తమ్ముడికీ మరదలికీ తెలియదు.

ఉగాది దాటాక వాళ్ళిద్దరూ పెళ్ళికి పిలవడానికి వచ్చారు. చీర తెచ్చారు. చిన్నమ్మ కుంకుమ భరిణె తీసి అత్తమ్మ ముందు కూర్చుంది.

"వదినా, నీ కోడలు పిల్ల పెండ్లి. నువ్వు నాలుగు రోజులు ముందే రావాలె. నువ్వు రోట్ల మొదటి పోటు వెయ్యందే పసుపు దంచం" అంటూ బొట్టు పెట్టింది.

పెళ్ళి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. మొదటి పోటు ఆ ఇంటి ఆడబిడ్డదే. అత్తమ్మ ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట అది. కానీ ఆమె కూర్చున్నచోటు నుంచి కదలలేదు. రెప్ప కూడా వేయకుండా చిన్నమ్మను చూసింది. చాలాసేపటికి, పక్కనున్న నాకే వినపడీ వినపడనట్టు, "మంచిది" అన్నది. చీర అందుకోవడానికి ఎడమ చెయ్యి చాచింది.

చిన్నమ్మ చీరను చేతికివ్వకుండా మంచం మీద పెట్టింది. చాయ్ సగంలోనే గ్లాసు కింద పెట్టి లేచింది. నేను వాకిలి దాకా వెంట వెళ్ళాను.

"ఆమె మనసుల ఏముందో మొఖం మీదనే ఉంది బిడ్డా. కొడుక్కి ఇయ్యలేదని కడుపుల పెట్టుకున్నది. సారె ఎడమ చేత్తోని తీసుకుంటరా ఎవలన్న?"

"అట్ల కాదు చిన్నమ్మా, చెయ్యి బాగలేదు."

"చెయ్యి బాగలేకుంటె మొఖానికి ఏమైంది?"



రెండు మూడు రోజులకు చిన్నాయన మా ఆయనకు ఫోన్ చేశాడు. అక్కకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దని, పసుపు మొదటి పోటు వేరేవాళ్ళతో వేయిస్తామని, మనసులో ఏదో పెట్టుకున్న చెయ్యి రోట్లో పడితే పిల్లకు మంచిది కాదని ఆడవాళ్ళు అంటున్నారని చెప్పాడు. మా ఆయన ఆ మాటలు అమ్మ ముందే చెప్పేశాడు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"సూసినవా, అమ్మకు బాధే లేదు. ఇంక మనకెందుకు?" అన్నాడు నాతో.

నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను. భుజాలు చెవుల దాకా లేచి బిగుసుకుని ఉన్నాయి. తర్వాత ఆమె వెళ్ళి కడిగిన బిందెనే మళ్ళీ కడిగింది. బోర్లించి, మళ్ళీ తిప్పి, మళ్ళీ కడిగింది. నేను పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"అత్తమ్మా, చిన్నమ్మ బొట్టు పెట్టినప్పుడు నీకు మంచిగ అనిపియ్యలేదా?"

ఆమె నావైపు తిరిగింది. అదే ముఖం. మాట మాత్రం సన్నగా, ఒకే తీరుగా వచ్చింది.

"నవ్వినననుకున్న బిడ్డా. లోపలైతే నవ్విన. బయటికి వచ్చిందో రాలేదో నాకెట్ల తెలుస్తది? అద్దం ముందట లేకపాయె."

గోడకున్న చిన్న అద్దం తెమ్మంది. తెచ్చి ఇచ్చాను. అందులోకి చాలాసేపు చూసింది. పెదవి ఒక మూల మాత్రం కొద్దిగా కదిలింది. అద్దాన్ని బోర్లా పెట్టి చీపురు తీసుకుంది.

దవాఖానాకు తీసుకుపోదామంటే మా ఆయన ఒప్పుకోలేదు. "ముసలితనానికి మందేంది?" అన్నాడు. నేను వాదించలేదు. మరునాడు పొద్దున చేనుకు బయలుదేరినప్పుడు, "ఇయ్యాల మీరు అత్తమ్మ వెనక నడువుండ్రి" అన్నాను. ఆయన ఎప్పుడూ బండి మీద వేరే దారిలో పోయే మనిషి. ఆ రోజు నా స్థానంలో నడిచాడు. ముందుకు తూలుతున్నట్టు పడే చిన్న చిన్న అడుగులు, ఊగని చెయ్యి, మలుపు తిరగాల్సిన చోట కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఆగడం, అన్నీ చూశాడు. సాయంత్రం ఖమ్మంలో నరాల డాక్టరు ఎవరున్నారో ఫోన్లో వాకబు చేయడం విన్నాను. ఆయన మంచి మనసుకు ఆ పూట దండం పెట్టుకున్నాను.

ఖమ్మంలో డాక్టరమ్మ, మేం మాట్లాడకముందే చూసింది. అత్తమ్మ తలుపు దగ్గర నుంచి కుర్చీ దాకా నడిచేలోపు ఆమెకు సగం తెలిసిపోయినట్టుంది. వేళ్ళు కలిపి విడదీయమంది, లేచి నిలబడమంది, మోచెయ్యి వంచి చూసింది. పార్కిన్సన్ జబ్బు అని చెప్పింది. అందరికీ వణుకే ముందు రాదని, కొందరికి ఇలా బిగుతుగా మొదలవుతుందని అన్నది.

"ముఖం కండరాలు కూడా బిగుసుకుపోతాయి. సంతోషం, దుఃఖం లోపల ఎప్పటిలాగే ఉంటాయి. ముఖానికి చేరవు. ఇంట్లోవాళ్ళు చాలామంది అలిగారనే అనుకుంటారు."

మందులతో కొంత నయమవుతుంది, నెమ్మదిగా, అని చెప్పింది. అత్తమ్మ ఒక్కటే అడిగింది.

"మరి నా మనసుల ఏమున్నదో మావోళ్ళకు ఎట్ల తెలుస్తది డాక్టరమ్మా?"

"నోటితో చెప్పాలమ్మా."

బస్సులో తిరిగి వస్తూ ఆ మాటే ఆలోచించాను. మా ఇళ్ళలో సంతోషాన్ని నోటితో చెప్పుకునే అలవాటు లేదు. నువ్వొచ్చావు, నాకు బాగుంది అని ఎవరూ అనరు. ఎదురొచ్చి సంచి అందుకుంటారు, కాళ్ళకు నీళ్ళిస్తారు, ముఖం విప్పార్చి నవ్వుతారు. చెప్పాల్సిన పనంతా ఒంటికి అప్పజెప్పి బతికేశాం. ఆ ఒళ్ళు మొరాయిస్తే ఎట్లాగో ఎవరికీ తెలియదు.

భద్రాచలం పోయినప్పుడల్లా గర్భగుడి ముందు నిలబడి స్వామి ముఖం చూస్తాను. ఆ ముఖం ఎన్నడూ మారదు. అయినా బాధలో పోయిన రోజు ఓదార్చినట్టే ఉంటుంది, సంబరంలో పోయిన రోజు నవ్వినట్టే ఉంటుంది. నన్ను చూసి నవ్వలేదని ఎవరూ ఆయన మీద అలిగి రారు. రాతి ముఖానికి మనం ఇంత మనసు ఇస్తాం. ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గర మాత్రం ముఖం తప్ప ఇంకేదీ చూడం. ఈ ఆలోచన నాకు ఇచ్చినందుకు కూడా స్వామికే దండం.

ఇంటికి వచ్చాక చిన్నమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నవ్వు రాని రోగం గూడ ఉంటదా బిడ్డా? గట్లయితే మా ఊళ్ళె సగం మంది అత్తలకు గా రోగమే ఉంది" అన్నది.

అత్తమ్మ ఫోన్ అందుకుని చెప్పబోయింది. జబ్బు గొంతును కూడా సన్నం చేసింది.

"ఏమంటాందో వినపడతలేదు. నాతోని మాట్లాడనీకె గూడ ఇష్టం లేదా ఆమెకు?" అని చిన్నమ్మ నన్నే అడిగింది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

పసుపు దంచే రోజు పోవాలా వద్దా అని మా ఆయన సందేహించాడు. అత్తమ్మ అప్పటికే వాళ్ళు పెట్టిన చీర కట్టుకుని మంచం మీద కూర్చుంది. "బొట్టు పెట్టి పిలిచిండ్రు. పోకుంటే ఎట్ల?" అన్నది.

వాళ్ళ వాకిట్లో పందిరి కింద రోలుకు పసుపు రాసి, రోకలికి కంకణం కట్టి పెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు. మొదటి పోటు వేయడానికి దూరపు వరసలో ఒక ఆడబిడ్డను తెచ్చి రోలు పక్కన కూర్చోబెట్టారు. మమ్మల్ని చూసి చిన్నాయన "రా అక్కా" అని కుర్చీ వేశాడు గానీ కళ్ళు కలపలేదు. అత్తమ్మ కుడి చెయ్యి కొంగులో దాచుకుని కూర్చుంది. వెనక ఎవరో అన్నారు: "సూడు, ఇంకా కోపం దిగలే ఆమెకు."

దంచే ముందు వచ్చిన ముత్తయిదువలందరి పాదాలకు ఇంటావిడ పసుపు రాస్తుంది. ఎంత కోపం ఉన్నా ఒకరిని వదిలి ఇంకొకరికి రాయడానికి లేదు. చిన్నమ్మ వరసగా వస్తూ అత్తమ్మ ముందు కూర్చుంది. తల ఎత్తలేదు. పాదం చేతిలోకి తీసుకుంది. అక్కడే ఆమె చెయ్యి ఆగింది. అత్తమ్మ కాలి వేళ్ళు లోపలికి ముడుచుకుని, కట్టె లాగా బిగుసుకుని ఉన్నాయి. విడదీసి రాయబోతే పాదం సన్నగా అదిరింది.

రాయడం అయ్యాక చిన్నమ్మ తల వంచింది. పెద్దవాళ్ళు తల మీద చెయ్యి వేసి దీవించాలి. అత్తమ్మ కుడి చెయ్యి కొంగులో నుంచి బయటికి వచ్చింది. మోకాలి మీద ఆగింది. మళ్ళీ లేచింది, గాలిలో ఆగింది. నేను పట్టుకుని పెట్టవచ్చు. పట్టుకోలేదు. చిన్నమ్మ వంచిన తల అలాగే ఉంచి ఎదురుచూసింది. ఆ చెయ్యి వచ్చి తల మీద వాలింది. వాలి, అక్కడే ఉండిపోయింది. ఎడమ చెయ్యి కూడా వచ్చి దాని పక్కన చేరింది.

చిన్నమ్మ ఆ చేతుల కింద నుంచే తల పైకెత్తి చూసింది. అత్తమ్మ ముఖం అలాగే ఉంది.

"ఎప్పటి సంది గిట్లయితాంది వదినా?"

అత్తమ్మ పెదవులు కదిలాయి. చిన్నమ్మ చెవి దగ్గరికి తెచ్చింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. విన్న చిన్నమ్మ తన కొంగుతో అత్తమ్మ పెదవి మూలన కారిన తడి తుడిచింది. ఆమె రెక్క పట్టుకుని లేపి రోలు దగ్గరికి నడిపించింది. అక్కడ కూర్చున్న ఆడబిడ్డ అడగకముందే జరిగింది.

అత్తమ్మ రెండు చేతులూ రోకలి మీద పెట్టింది. కింద చిన్నమ్మ చేతులు. మొదటి పోటు పడింది. ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పాట ముందుకు పోయింది, రోకలి వెనకబడింది. అప్పుడు పాడేవాళ్ళలో ఒక పెద్దామె గొంతు నెమ్మదించింది. ఆమెను చూసి ఇంకొకామె. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పోటుకూ పోటుకూ మధ్య అత్తమ్మకు ఎంత సేపు కావాలో అంత సేపు పాట ఆగి, మళ్ళీ సాగింది. పసుపు కొమ్ములు నలగడానికి చాలాసేపు పట్టింది. పొయ్యి మీద అన్నం అడుగంటుతోందని ఎవరో లోపలి నుంచి పిలిచారు. ఎవరూ లేవలేదు.