సఖినేటిపల్లి పంటు మీద విన్న వాంగ్మూలం

పిల్లల కేసుల్లో సాక్ష్యం ఎలా తీసుకోవాలో కుర్ర లాయర్లకి ఒక పూట పాఠం చెప్పమని పాత లాయరమ్మనని నాకు అమలాపురం నుంచి పిలుపొచ్చింది. పాఠం చెప్పడమంటే నాకు సరదా, ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరాయె. మాది నరసాపురం. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లొచ్చు గానీ, గోదావరి మీద వెళ్తేనే నాకు ప్రయాణం చేసినట్టుంటుంది. ఉదయం ఏడున్నరకి ఇరవై రూపాయల టికెట్టు తీసుకుని, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఎక్కాను.

పక్కనే ఒక పెద్దావిడ, ఎనిమిదేళ్ల మనవరాలు. పిల్ల కళ్లు మూసుకుని గడగడా అప్పజెబుతోంది: "మా పెదనాన్నగారు నన్ను కొబ్బరికాయల కొట్టుగదిలో పెట్టి తాళం వేసేరండి. రెండు పూటలు అన్నం పెట్టలేదండి..." ఇంతలో ఎవరో మోటారు సైకిలు హారన్ కొట్టారు. పిల్ల ఆగిపోయి, మళ్లీ "మా పెదనాన్నగారు" దగ్గర నుంచి ఎత్తుకుంది. ఇది ఎవరో వల్లె వేయించిన పాఠమే.

"ఎవరు నేర్పేరు పిన్నిగారూ?" అన్నాను.

"మా లాయరుగారేనండి. మధ్యాహ్నం అమలాపురంలో పిల్లల సంక్షేమ కమిటీ ముందు చెప్పాలండి. అమ్మానాన్నా లేని పిల్ల. నా దగ్గర ఉంచుతారో, ఆయన దగ్గరికే పంపేస్తారో!"

జరిగింది నిజమే కావచ్చు. కానీ అప్పజెప్పిన నిజాన్ని ఎవరు నమ్ముతారు? అవతలివాళ్లు మధ్యలో ఒక్క ప్రశ్న వేస్తే చాలు. పిల్లని నేనే అడిగి చూద్దామనుకున్నాను. అడిగితే నా మాటలు కూడా దాని నోట్లో చేరతాయి. నోరు కట్టేసుకుని కూర్చున్నాను.

సఖినేటిపల్లి నుంచి రాజోలు, తాటిపాక మీదుగా బస్సులో గంటన్నర పైనే పట్టింది. దారంతా పిల్ల వల్లె వేస్తూనే ఉంది.

క్లాసులో పేర్లు చెప్పకుండా ఈ సంగతే చెప్పాను. వెనక వరసలో ఒక కుర్ర లాయరు లేచి నిలబడ్డాడు.

"అది నేనే నేర్పేనండి మేడమ్. బెదిరిపోతుందేమోనని. మాది వేదం చెప్పుకునే ఇల్లండి, మాకు ఏదైనా వల్లె వేయించే నేర్పేవారు."

చెడామడా తిడదామనుకున్నాను. తప్పు తనే ఒప్పుకున్నాడు కదా అని తగ్గి చెప్పాను.

"నేర్పించానని కమిటీకి ముందే మీరే చెప్పండి. 'ఏం జరిగిందమ్మా' అని మాత్రం అడిగి, పిల్లని చెప్పనివ్వమనండి. పిల్లని కొట్టులో పెట్టడం చూసినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోండి."

"కేసు పోతుందేమోనండి..."

"దాస్తే పోతుంది."

మధ్యాహ్నం నేనూ వెంట వెళ్లాను. కమిటీ ఆఫీసు వరండాలో అతను పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "నేను నేర్పిందంతా వదిలేయమ్మా. గుర్తున్నది చెప్పు. తెలీకపోతే తెలీదను."

పిల్ల అమ్మమ్మ చెంగు పట్టుకుంది. "తప్పు చెప్తే మళ్లీ కొట్టులో పెట్టేస్తారాండీ?"

పొద్దుటి నుంచి అది సొంతంగా అన్న మొదటి మాట అదే. నాకు ఏడుపొచ్చింది.

లోపల ఏం చెప్పిందో నేను అడగలేదు. విచారణ పూర్తయ్యేదాకా పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటుందని మాత్రం తెలిసింది. చట్టం చదివిన మనం పిల్లల భయం పోగొట్టబోయి, కొత్త భయం నేర్పుతున్నామా అని తిరుగు పంటు మీద చాలాసేపు ఆలోచించాను. ఇలాంటి పని మీద పిల్లలతో ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క మాట: రేవు దగ్గర బస్సు బయల్దేరేచోటే ఎక్కితే కిటికీ సీటు దొరుకుతుంది. పిల్లని అక్కడ కూర్చోబెట్టి, దారంతా కొబ్బరి తోటలు చూడనివ్వండి.