వాసెన కట్టిన కుండ

1936 వేసవి. ఏలూరులో ఒక హైస్కూలులో సైన్సు అసిస్టెంటుగా చేరి అప్పటికి నాకు తొమ్మిదేళ్ళయింది. సైన్సు అసిస్టెంటు అంటే పాఠం చెప్పడమొక్కటే కాదు. ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చాక పై చదువుకు వెళ్ళే పిల్లల కాలేజీ దరఖాస్తులు నింపి, ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పి, కింద సిఫారసు సంతకం పెట్టే పనిని కూడా హెడ్మాస్టరుగారు నా నెత్తినే వేశారు. ఊళ్ళో అప్పటికి కాలేజీ లేదు. రాజమండ్రో బందరో వెళ్ళాలి.

గ్రూపు అంటే ఇంటర్మీడియట్‌లో ఎంచుకునే మూడు సబ్జెక్టులు. లెక్కల గ్రూపు ఇంజనీరింగుకు. హిస్టరీ గ్రూపు ప్లీడరీకి, మేస్టరు ఉద్యోగానికి. ఫిజిక్సు, కెమిస్ట్రీ, నాచురల్ సైన్సు కలిపి తీసుకుంటే డాక్టరు చదువుకు. నాచురల్ సైన్సులో చెట్ల గురించీ జంతువుల గురించీ చెబుతారు. దరఖాస్తులో గ్రూపు గడి దగ్గర హిస్టరీ అని పడిందా, ఇక మెడికల్ కాలేజీ గుమ్మం తొక్కడం కల్ల. ఆ గడి నింపేది నేనే కాబట్టి నాకు కాస్త గీర కూడా ఉండేది.

ఆ ఏడు స్కూలు మొత్తానికి సైన్సులో మొదటివాడు సామ్యేలు. కొల్లేటి లంక పల్లెల్లో ఒకటి వాళ్ళది. తండ్రి దావీదు దోనె నడుపుతాడు, చేపలు పట్టే బుట్టలు అల్లుతాడు. తల్లి పోయి నాలుగేళ్ళయింది. మిషను బడిలో చదివి మా దగ్గరికొచ్చిన పిల్లవాడు. నేను కప్పను కోసి చూపించే రోజున మిగతావాళ్ళు ముక్కులు మూసుకుంటే, వీడు బల్ల మీదికి వంగిపోయి, "గుండె ఇంకా ఆడతంది చూడండీ" అనేవాడు.

దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. "ఏ గ్రూపురా?" అన్నాను.

"నాచురల్ సైన్సండీ. డాక్టరు చదవాలనండీ."

నా మనసులో మెదిలిన మాట ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. వీడు డాక్టరైతే మాత్రం వీడి చేత నాడి చూపించుకునేదెవరు అనుకున్నాను. పైకి అనడానికి నోరు రాలేదు. జాలి పడుతున్నట్టు మొహం పెట్టి ఇంకోటి అన్నాను.

"డాక్టరు చదువంటే మాటలా? మనిషి ఎముకలు సొంతంగా ఉండాలి, పుర్రె దగ్గర్నుంచి కాలివేళ్ళ దాకా. అవి లేనివాడికి ఆ గ్రూపివ్వరు. నువ్వెక్కణ్ణించి తెస్తావు? హిస్టరీ రాస్తాను, హాయిగా మేస్టరువవుదువుగాని."

అందులో నిజం చిటికెడు. ఎముకలు కావలసింది రెండేళ్ళ తర్వాత, మెడికల్ కాలేజీలో. ఆ సంగతి నాకు బాగా తెలుసు. వాడి ఎదుటే హిస్టరీ అని రాసి, కాగితం సొరుగులో పడేశాను.

మూడో రోజు పొద్దున సైన్సు రూము తలుపు తీసేసరికి దావీదు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. చంకలో వెడల్పు మూతి పెద్ద కుండ. మూతికి తెల్లగుడ్డతో వాసెన కట్టి ఉంది. బతికున్న కొర్రమీనుని కొల్లేటివాళ్ళు అలాగే తెచ్చి ఇస్తారు. కొడుకు గ్రూపు కోసం నాకు చేపలు లంచం తెచ్చాడనుకుని ఒళ్ళు మండిపోయింది.

"మా ఇంట్లో నీచు ముట్టమని తెలీదటయ్యా? తీసుకుపో."

"చేపలు కాదండీ. తమరడిగినవేనండీ."

"నేనేమడిగాను?"

అతను కుండ గడప మీద దింపి వాసెన విప్పాడు. పైన పుర్రె. దాని చుట్టూ పొడుగు ఎముకలు, చిన్న ఎముకలు, అన్నీ శుభ్రంగా కడిగి సర్ది ఉన్నాయి.

"ఎవరివయ్యా ఇవి?" అని అరిచాను.

"మా ఇంటిదానివండీ. సామ్యేలు వాళ్ళమ్మ."

వెనక్కి జరిగిన జరుగుడుకు వీపు అద్దాల బీరువాకు కొట్టుకుని, లోపల సీసాలన్నీ కదిలాయి. మనిషి శరీరం గురించి తొమ్మిదేళ్ళుగా బల్లగుద్ది పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ కుండలోకి రెండోసారి చూడలేకపోయాను. అతను మాత్రం నెమ్మదిగా, మర్యాదగా చెప్పుకుపోతున్నాడు.

"నిరుటి వరదకి సమాధుల దిబ్బ కోసుకుపోయిందండీ. నీళ్ళు తీశాక చూస్తే తనది సగం బయటపడిపోయింది. కుక్కలు ముట్టుకుంటాయని నేనే ఏరి, కుండలో పెట్టి, మా అన్న పాకలో ఉంచానండీ. మెరక చూసి మళ్ళీ పాతుదామని. ఈలోగా మావోడు, ఎముకలు లేవని మేస్టారు గ్రూపు రాయలేదని చెప్పి, అన్నం ముట్టకుండా పడుకున్నాడండీ. ఇందులో అన్నీ ఉన్నాయండీ. కాలివేళ్ళవి రెండు మూడు దొరకలేదు. వాటి కోసం ఆపకండి బాబూ."

"వాడికి తెలుసా?"

"తెలవదండీ. తెలిస్తే తేనిస్తాడాండీ? ఎవరివో అని చెప్పండి."

ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను. "చనిపోయినవాళ్ళు ఒకనాడు లేస్తారని కదా మీ నమ్మకం. మరి ఆ రోజున?"

"మట్టిలోంచి లేపేవాడికి మీ బీరువాలోంచి లేపడం కష్టమాండీ?" అన్నాడు. కుండ అంచు మీద చెయ్యి వేసి, "ఉన్నన్నాళ్ళూ తుంగ చాపలల్లి వాణ్ణి బడికి పంపిందండీ. వాడి చదువుకి పనికొస్తానంటే వద్దనే మనిషి కాదు" అన్నాడు.

అంతవరకూ అతణ్ణి నువ్వు అన్న నోటికి ఇక ఆ పిలుపు రాలేదు.

"దావీదుగారూ, ఎముకలు అక్కర్లేదండీ. ఈ గ్రూపుకి అసలు అక్కర్లేదు. డాక్టరు చదువులో చేరాక కావాలి, అక్కడ కూడా పై తరగతివాళ్ళనడిగి తెచ్చుకోవచ్చు. నేను మీ అబ్బాయితో అబద్ధం చెప్పాను."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. అతను వంగి, గుడ్డ మళ్ళీ కుండ మూతికి పరిచి, ముడి వేసి, అది బిగిసిందో లేదో చూసుకుని, అప్పుడు నావైపు తిరిగాడు.

"ఆ మాట మొన్నే చెబితే, దీన్ని ఇంత దూరం తిప్పేవాణ్ణి కాదు గదండీ."

సొరుగులోని కాగితం చింపేసి, కొత్త దరఖాస్తు తీసి, అతని కళ్ళముందే నాచురల్ సైన్సు అని రాసి సంతకం పెట్టాను. అతనికి చదువు రాదు. "ఆ మాట ఎక్కడుందండీ?" అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూశాడు. వాడికి మాత్రం చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుని, కుండ చంకనెత్తుకుని ఎండలో వెళ్ళిపోయాడు.

ఆ పగలూ, మర్నాడూ నాకు అదే ఆలోచన. పిల్లవాడితో "నువ్వు చదవడం నాకిష్టం లేదు" అని ఉంటే నాతో పోట్లాడేవాడు, లేదా ఇంకొకరి దగ్గరికి పోయేవాడు. నేను రూల్లా చెప్పాను. మేస్టారు చెప్పాడంటే వాళ్ళు నమ్మారు. అంత నమ్మకాన్ని చేతిలో పెట్టుకుని నేను చేసిన పని అదీ. ఆ తర్వాత నా సర్వీసులో గ్రూపు అడగడానికి ఎవరు వచ్చినా కాలేజీవారి నిబంధనల పుస్తకం ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించేవాణ్ణి. నీకు కుదరదన్న మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు.

సామ్యేలు డాక్టరయ్యాడు. నాడి చూపించుకోవడానికి జనం బారులు తీరతారు, మొన్న మా ఇంట్లోవాళ్ళూ వెళ్ళారు. నేను నలుగురిలో కనబడితే చాలు, చేతులు జోడించి, "నాకు ఈ గ్రూపు రాయించింది మా మేస్టారేనండీ" అని అందరికీ చెబుతాడు. నేను తల వంచుకుంటాను. అది వినయం అనుకుంటారు. దావీదు ఉన్నన్నాళ్ళూ నేను ఆయనకిచ్చిన మాట తప్పలేదు. ఆయన కూడా పోయాడు. పేర్లు మార్చి రాస్తున్నాను గాని, ఇది చదివితే డాక్టరుగారు పోల్చుకుంటారేమో. పోల్చుకోనీ. ఆ గ్రూపు రాయించింది నేను కాదు నాయనా, మీ అమ్మ.