రెండు డెమోల్లో బయటపడని రెండు గంటలు

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఫిబ్రవరిలో, నూజివీడు దగ్గరి ఒక మామిడి రైతుల సంఘం పని నాకు అప్పగించారు. హోదా ప్రాజెక్టు మేనేజర్. ప్యాకింగ్ షెడ్డు ముందు ట్రాక్టర్లు ఎండలో బారులు తీరకుండా, ఏ రైతు ఏ వేళకు కాయ తేవాలో ఫోనులో చెప్పే యాప్ తయారుచేయాలి. అంతకుముందు ఏడాది ఆ వరుసల్లో కాయ పాడై కార్యదర్శి రామ్మోహనరావు గారు తిట్లు తిన్నారు. ఈసారీ కుదరకపోతే రైతులు సంఘం వదిలి దళారుల దగ్గరికే పోతారని మొదటిరోజే చెప్పేశారు.

పని ఎజైల్ పద్ధతిలో. అంటే మొత్తం ఒకేసారి కట్టి అప్పగించకుండా, రెండు వారాలకో ముక్క చేసి, వాడేవాళ్లకు చూపించి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి తర్వాతి ముక్క చేయడం. ఆ రెండు వారాలను స్ప్రింట్ అంటారు, చివర చూపించడాన్ని డెమో అంటారు. నాకు ఈ పద్ధతి మీద గురి లేదు. రోజూ పొద్దున పావుగంట నిలబడి మాట్లాడుకుంటే ప్రోగ్రాములు వాటంతటవే కుదురుతాయంటే ఒళ్లు మండేది.

మొదటి రెండు డెమోలు సంఘం ఆఫీసులో జరిగాయి. మమ్మల్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తెర చూసి అందరూ "చాలా బాగుందండీ" అన్నారు. మా టీమ్ లీడ్ సునీత సంబరంగా ‘ఆమోదించారు’ అని రాసుకుంది. నాకు మాత్రం భయం పట్టుకుంది. ముప్పై ఏళ్లలో నన్ను తిట్టని కస్టమర్‌ను చూడలేదు మరి.

మూడో డెమో షెడ్డులోనే పెట్టాలని పట్టుబట్టాను. తొలికోత కాయ పది ట్రేలు తెప్పించి, గ్రేడింగ్ చూసే మరియమ్మ గారి చేతికి ఫోను ఇచ్చాం. మేమెవరమూ నోరు మెదపకూడదని నియమం. ట్రే వచ్చిందని ఆవిడ నొక్కగానే, గ్రేడింగ్ మొదలుపెట్టమంది యాప్. ఆవిడ ఫోను పక్కన పెట్టి, కాయల్ని తొడిమ కిందికి వచ్చేలా బోర్లించసాగారు.

"ఇదేంటండీ, అప్పుడే గ్రేడింగంటుంది? సొన కారొద్దా? అది అంటితే కాయంతా మచ్చలే. రెండు గంటలన్నా ఆగాలి."

మేం లెక్కవేసిన వేళల్లో ఆ రెండు గంటలు లేవు. అలాగే వదిలితే మధ్యాహ్నానికి షెడ్డు నిండి, ట్రాక్టర్లు మళ్లీ రోడ్డు మీద బారులు తీరేవి. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని సునీత అడిగితే, రామ్మోహనరావు గారు తెల్లబోయారు.

"సొన కార్చాలని మీకు తెలీదని మాకెలా తెలుస్తుందండీ?"

తర్వాతి స్ప్రింట్‌లో చేయాలనుకున్న హంగులన్నీ పక్కనపెట్టి, వేళల లెక్క మళ్లీ కట్టాం. తప్పు సీజన్‌కు ముందే దొరికినందుకు నాకు ప్రాణం లేచివచ్చింది.

కోతలు ముమ్మరంగా ఉన్న రోజు వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చిన ట్రాక్టరు వచ్చినట్టే లోపలికి పోతోంది. రామ్మోహనరావు గారు తీరిగ్గా అన్నం తింటూ కనిపించారు. ఆ సీజన్లో రైతులు సంఘాన్ని వదల్లేదు.

ఎజైల్ నిజంగా పనిచేస్తుందా అని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. మాకు రెండు స్ప్రింట్లు పనిచేయలేదు, మూడోది పనిచేసింది. మొదటి రెండు డెమోల్లో మేం చూపించాం, మూడోదాంట్లో చూశాం. ఆ తర్వాత మీటింగు హాల్లో జరిగిన ఏ డెమోకూ ‘ఆమోదించారు’ అన్న కాగితం మీద నేను సంతకం పెట్టలేదు.