లూమ్ అంటే ఏ పనిముట్టయినా

ముంబై పక్కన భివండీలో మా బాపుకు రెండు సాంచలు ఉండేవి. మరమగ్గాలను మావాళ్లు సాంచలంటారు. అవి నడుస్తుంటే వరాలా తలావ్‌లో చేపలకు కూడా చెవుడు వచ్చిందని నా అనుమానం. కూరలో ఉప్పు చాలలేదన్న సంగతిని ఇంట్లో ఊరేగింపు నినాదంలా అరిచి చెప్పుకునేవాళ్లం.

రెండు వేల సంవత్సరం దాటాక కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోయేది. సాంచలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి బాపు ఉలిక్కిపడేవాడు. అమ్మక తప్పదని తేలాక ఆయన కోరిందల్లా ఒక్కటే: నడుపుకునేవాడికి అమ్మాలి, తుక్కు కొనే భంగార్‌వాడికి కాదు. ధామన్‌కర్ నాకాలో పాన్‌డబ్బావాణ్ణి, ఆటోవాళ్లను, చివరికి ట్రాఫిక్ పోలీసును కూడా అడిగాడు. తోటి సాంచలవాళ్లను అడిగితే, తమవి కొంటావా అని వాళ్లే ఎదురడిగారు.

నేనప్పుడు కాల్హేర్ గోదాములో పెట్టెల మీది ఇంగ్లీషు చిరునామాలు చదివే ఉద్యోగిని, అంటే మా గల్లీ మొత్తానికీ ఇంగ్లీషు పండితుణ్ణి. ఇటుకంత నిఘంటువు తిరగేసి, బాపుకు ధైర్యం చెబుదామని వెళ్లాను.

"బాపూ, లూమ్ అంటే మొదట్ల సాంచ కాదట. కొడవలి, బొక్కెన, గరిటె, ఏ పనిముట్టయినా లూమే. మగ్గమనే అర్థం ఎన్కకొచ్చింది. తండ్రి కొడుక్కిచ్చిపోయే సామాన్ను ఎయిర్‌లూమ్ అంటరు సూడు, అండ్ల గా పాత అర్థమే మిగిలింది."

"అయితే నువ్వే తీస్కో. కొడుకువే గదా."

"నేనేం జేస్కోను బాపూ? నాకు తెగిన పోగు అతుకుడే రాదు."

"మరి గా ముచ్చట నాకెందుకు జెప్పినవ్?"

గోదాముకు టైమైందని లేచి వచ్చేశాను.

చివరికి భంగార్‌వాడే దొరికాడు. వాడు వస్తానన్న పొద్దున బాపు నూనె డబ్బా పట్టుకున్నాడు. సాంచలు తుడిచి, నూనె వేసి, బొట్టు పెట్టడం దసరాకు మా పద్ధతి. దసరా ఎప్పుడో వెళ్లిపోయింది. అయినా భివండీ అంతటికీ బజ్జీలు వేయగలిగినంత నూనె పళ్లచక్రాల్లో పోశాడు.

"ఏంది బాపూ, పలగ్గొట్టేటోనికి గింత నూనెనా?"

"తుప్పుతోని పంపాల్నా? నడుస్తయని తెలిస్తే ఆడన్న పలగ్గొట్టకుంట ఎవలికన్న అమ్ముతడేమో."

భంగార్‌వాడు వచ్చి, అక్కడే సుత్తె ఎత్తాడు. మొదటి దెబ్బ జారింది. రెండోదీ జారింది.

"అరే చాచా, ఇత్నా తేల్ కాయ్‌కో డాలా?" అని, అంత నూనె ఎందుకు పోశావంటూ విసుక్కున్నాడు.

"నడిచే సాంచలు గావట్టి," అన్నాడు బాపు, తెలుగులోనే.

వాడికి అర్థం కాలేదు. గోనెసంచి తెచ్చి, నూనెనంతా శుభ్రంగా తుడిచి, మళ్లీ సుత్తె ఎత్తాడు.