ఆ వీడియోలో అరిచిన గొంతు నాదే

నిన్న పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి ఫోన్‌ల మెసేజ్ ఉంది.

"జున్ చనిపోయారు. మీకు చెప్పమన్నారు."

కొరియా నుంచి ఆయన భార్య పంపింది. ఫోన్‌లనే తెలుగులకు మార్చి పంపినట్టుంది. రెండుసార్లు చదివిన. మూడోసారి అక్షరాలు కనపడలే.

నలభై ఏండ్లు. కడుపుల క్యాన్సర్ అంట. మాకు ఒక్క ముక్క తెల్వనియ్యలే.

నేను పోస్టులు రాసే మనిషిని కాదు. పొద్దున ఒక దేవుడి ఫోటో పెడ్త, అంతే. కానీ నిన్న మధ్యాహ్నం మన చుట్టాల గ్రూప్‌లనే ఎవరో ఆ పాత వీడియో పెట్టిండ్రు. "మన ఎల్బీనగర్‌ల ఉన్న కొరియా ప్లేయర్ ఈయనే కదా" అని రాసి, కింద నవ్వుడు బొమ్మలు. పోయిన సంగతి వాళ్లకు తెల్వదు, తప్పు లేదు.

కానీ ఆయన పదిహేనేండ్లు ఫుట్‌బాల్ ఆడిండు. ఆ ఒక్క నిమిషమే మిగిలితే ఎట్ల?

అందుకే రాస్తున్న.

ఏడేండ్ల కింద జున్ మా పై పోర్షన్‌ల కిరాయికి ఉండె. టీం మేనేజర్ దిల్‌సుఖ్‌నగర్‌ల మా చీరల దుకాణానికి వచ్చే మనిషి, ఆయన అడిగితే ఇచ్చినం. ఒక్క సీజన్. ఎనిమిది నెలలు.

మా ఆయన "జున్నూ" అని పిలిచేది. ఆయన నన్ను "అక్క" అనేది. వచ్చిన తెలుగు అక్క, అన్నం, చాలు, జర ఆగు. చింతకాయ తొక్కు ఉంటే మాత్రం "చాలు" అనే మాట మర్చిపోయేది.

పద్దెనిమిదో ఏట వాళ్ల ఊరి దగ్గర చిన్న క్లబ్‌ల చేరిండట. మధ్యల రెండేండ్లు మిలిటరీ. అక్కడ మగపిల్లలకు అది తప్పదట. తిరిగి వచ్చేసరికి ఆయన జాగల వేరేటాయన ఆడుతున్నడు. తర్వాత థాయ్‌లాండ్. మోకాలికి రెండు ఆపరేషన్లు. ముప్పై మూడేండ్లకు మన దగ్గరికి వచ్చిండు. ఇవన్నీ మా బిడ్డ స్వాతి ఇంగ్లీష్‌ల అడిగి నాకు చెప్పేది.

మ్యాచులు టీవీల చూసేటోళ్లం. గోల్ కొట్టినోని మీద అందరు పడి ఎత్తుకునేది. జున్ దూరంగ నిలబడి చప్పట్లు కొట్టేది.

"ఏంది జున్నూ, సీజన్ అయిపోవట్టె. ఒక్క గోలన్న కొట్టవేందయ్యా? తిన్న తొక్కంత ఎటుపాయె?" అని మా ఆయన ఆటపట్టిస్తే నవ్వేది.

నాకే మనసుల కష్టమైతుండె.

ఒక మంగళవారం హనుమంతుడి గుడిల మొక్కుకున్న. "స్వామీ, మా తమ్ముడు ఒక్క గోల్ కొడితే నూటెనిమిది ప్రదక్షిణలు చేస్త."

ఎవ్వరికి చెప్పలే.

ఆయన డిఫెండర్ అంట, అంటే ఏందో నాకప్పుడు తెల్వదు.

ఆఖరి మ్యాచ్‌కు పాసులు ఇచ్చిండు. నేను స్టేడియం చూసుడు అదే మొదలు. సగం కుర్చీలు ఖాళీ. ఆట ఇంక కొంచెమే ఉందనంగ బాల్ జోరుగ వచ్చింది. జున్ అడ్డం పడి కాలు చాపిండు. ఆయన కాలికి తాకి బాల్ నెట్‌లకు పోయింది.

నాకు కనపడ్డది అంతే. తమ్ముడి కాలు, నెట్‌ల బాల్.

లేచి నిలబడ్డ. "కొట్టిండు! మా తమ్ముడు కొట్టిండు!" అని చప్పట్లు కొట్టిన.

దుకాణంల నేను మాట్లాడితే గిరాకీలు "ఏందమ్మా, ఇనపడ్తలేదు" అంటరు. అసుంటి నేను ఆనాడు ఒక్కదాన్నే అరిచిన. చుట్టు అందరు చప్పుడు లేకుంట కూసున్నరు.

స్వాతి నా కొంగు గుంజింది. "అమ్మా, కూసో! అది మన గోల్‌పోస్టే. గోల్ మన మీదనే పడ్డది."

జున్ అంత దూరం నుంచి మా దిక్కు తిరిగి చూసిండు.

మా వెనక ఎవరో ఫోన్‌ల తీసిండ్రు. మీరంత నవ్వుతున్న వీడియో అదే. ఆ గొంతు నాదే.

తెల్లారి ఎప్పటిలెక్కనే అన్నానికి కిందికి వచ్చిండు. నేను తల ఎత్తలే. ఆయన స్టీల్ గ్లాస్ తీసి టేబుల్ మీద పెట్టి, ఫోన్‌ల తెలుగు చూసుకుంట ఒక్కో మాట అన్నడు. "అక్క, ఇది నేను." ఒక నిమ్మకాయను దాని దిక్కు దొర్లించిండు. గ్లాసుకు తాకి ఆగింది.

"ఆగింది. నా పని అయింది. ఎవరూ చప్పట్లు లేదు." నవ్విండు. "పదిహేను సంవత్సరం. నిన్న అక్క చప్పట్లు కొట్టింది. ఫస్ట్."

మొక్కు సంగతి నా నోటిదాక వచ్చింది. చెప్పలే. ఇంకింత తొక్కు ఏసిన.

వారం తిరగకముందే క్లబ్‌వాళ్లు ఇంక వద్దన్నరు. ఆటనే బందైంది.

"మొక్కుతోని బాల్ తిరుగుతదా అమ్మా?" అన్నది స్వాతి, నిన్న నా మొక్కు సంగతి చెప్తే. తిరగదేమో. కానీ ఏడేండ్లు నేను ఆ మొక్కు తీర్చలే. అసుంటి గోల్‌కు ఏమని తిరగాలె? ప్రతి మంగళవారం దండం పెట్టి, దొంగలెక్క వచ్చేసేదాన్ని.

కొరియాకు తిరిగి పోయినంక బడి పిల్లలకు ఆట నేర్పిండు. ఉగాదికి, దసరాకు ఫోటో పంపేది. నలుగురు పిల్లలు వరుసగ గోల్ ముందట. కింద "నా గ్లాసులు" అని రాసేది.

ఇయ్యాల పొద్దున గుడికి పోయిన. నూటెనిమిది తిరిగిన. ఆ గోల్‌కు కాదు. ఆయన ఆపిన బాల్‌లకు. అవి ఎవ్వరు ఫోన్‌ల తియ్యలే. మధ్యల మోకాళ్లు పట్టుకున్నయి, గోడ ఆసర చేసుకొని తిరిగిన.

ఆఖరికి స్వామి ముందట నిలబడి పెద్దగనే చెప్పిన. "నేను మొక్కిన సంగతి తమ్ముడికి నువ్వే చెప్పు. నాకు నోరు రాలే."

పోయిరా జున్. ఇంక నీ వెనక కావలి కాసే గోల్ ఏది లేదు. మోకాలు చాపుకొని నిమ్మళంగ పండుకో తమ్ముడూ. ఆ భగవంతుడు నీకు శాంతినియ్యాలె.

మనోళ్లకు ఒక్క మాట. నేను రాసింది దాచుకోండ్రి, నా మొక్కు సంగతి బయట చెప్పకుండ్రి.

ఆ వీడియో మళ్ల మీ దిక్కు వస్తే, ముందటికి పోనియ్యకుండ్రి.

మీ దగ్గరనే ఆపుండ్రి.